లైమ్ వ్యాధి మందులు వాడుతుంటే తెల్లపూత వస్తే

శ్రోతలకు నమస్కారం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ వైపు ఉంటున్న మనవాళ్లకు లైమ్ వ్యాధి పేరు కొత్త కాదు. నల్లకాళ్ల పిడుదు కరిచినప్పుడు బొరీలియా అనే బాక్టీరియా ఒంట్లోకి చేరి వచ్చే జబ్బు ఇది. చర్మం మీద ఎర్రమచ్చ కనబడిన తొలి దశలోనైతే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు పూటలా 10 రోజులు చాలు. కీళ్లకు పాకితే 28 రోజులు వాడాలి. మెదడుకో వెన్నుపాముకో సోకితే సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 2 గ్రాములు, రెండు నుంచి నాలుగు వారాలు నరంలోకి ఎక్కిస్తారు. ఈ మందుల వెంటే కొందరికి కాండిడా బెడద మొదలవుతుంది. నోట్లో తెల్లపూత తెచ్చేది ఇదే.

కాండిడా ఎక్కడినుంచో వచ్చి పడేది కాదు. నోట్లో, పేగుల్లో, యోనిలో చాలామందికి ఎప్పుడూ ఉండే ఈస్ట్, అంటే ఒక రకం శిలీంధ్రం (ఫంగస్). పక్కనే బతికే బాక్టీరియా దాన్ని పెరగనివ్వదు. యాంటీబయాటిక్ ఆ బాక్టీరియానూ చంపుతుంది, ఈస్ట్‌ను మాత్రం ఏమీ చేయలేదు. మధుమేహం ఉన్నవాళ్లకు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్లకు, కట్టుడుపళ్లు ఉన్నవాళ్లకు ఇది తొందరగా వస్తుంది. షుగర్‌కు ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటున్నవాళ్లు ఆ సంగతి లైమ్‌కు మందు రాసే డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి కనుక మర్మావయవాల దగ్గర ఈస్ట్ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ముందునుంచే ఎక్కువ.

నోట్లో వచ్చిందో లేదో అద్దం ముందు చూసుకోవచ్చు. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పొర కనబడుతుంది. శుభ్రమైన గాజుగుడ్డతో మెల్లగా తుడిస్తే ఊడివచ్చి, కింద ఎర్రగా కనబడుతుంది. ఎంత తుడిచినా రాకపోతే, అందులోనూ పొగాకు, గుట్కా అలవాటు ఉంటే, ఈస్ట్ అనుకుని ఊరుకోకుండా డెంటిస్టుకు చూపించండి. ఆడవాళ్లలో విపరీతమైన దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట ఉంటాయి, వాసన పెద్దగా ఉండదు. చేపల వాసనో, ఆకుపచ్చ రంగో ఉంటే అది వేరే ఇన్ఫెక్షన్. దానికి మందూ వేరే.

నోటికి సాధారణంగా నిస్టాటిన్ ద్రవం ఇస్తారు. పెద్దవాళ్లకు 4 నుంచి 6 మిల్లీలీటర్లు, రోజుకు నాలుగుసార్లు. ఎక్కువమందికి పనిచేయకపోవడానికి కారణం మందు కాదు, దాన్ని దగ్గుమందులా గుటుక్కున మింగేయడం. నిస్టాటిన్ పేగుల్లోంచి రక్తంలోకి చేరదు, తగిలిన చోటే పనిచేస్తుంది. సీసా బాగా కుదపండి. కొలిచిన మోతాదులో సగం ఒక బుగ్గలో, సగం రెండో బుగ్గలో పోసుకుని, వీలైనంతసేపు నోట్లో తిప్పి, అప్పుడు మింగండి. తర్వాత అరగంట ఏమీ తినకుండా ఉంటే మంచిది. మూడో రోజుకే తెలుపు పోయిందని ఆపేస్తే మళ్లీ వస్తుంది. మచ్చలు పోయాక కూడా మరో రెండు రోజులు వాడాలి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను దీనితో కలిపి వాడకండి, ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి. కట్టుడుపళ్లు రాత్రి తీసి శుభ్రం చేయకపోతే ఏ మందూ నిలవదు.

యోనిలో వస్తే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఒక్క మాత్రతో చాలామందికి తగ్గుతుంది. తీవ్రంగా ఉంటే డాక్టరు 72 గంటల ఎడంతో రెండో మాత్ర, మూడో మాత్ర కూడా రాస్తారు. గర్భిణులకు ఈ మాత్ర వద్దు, ఏడు రోజులు క్లోట్రిమజోల్ క్రీము వాడాలి. షుగర్‌కు గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్ వేసుకునేవాళ్లకు ఫ్లూకోనజోల్ వల్ల చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇండియానుంచి తెచ్చుకున్న మాత్ర ఇంట్లో ఉంది కదా అని వేసుకోవద్దనేది ఇందుకే.

ఇక పెరుగు. ఈస్ట్ రాకుండా పెరుగు తినమంటారు, తినండి, కానీ డాక్సీసైక్లిన్ మాత్రతో కాదు. పాలు, పెరుగులోని కాల్షియం, ఐరన్ మాత్రలు, యాంటాసిడ్లు ఆ మందును పట్టేసి ఒంటికి పూర్తిగా అందనివ్వవు. రాత్రి పెరుగన్నం తిన్న వెంటనే మాత్ర మింగడం మన ఇళ్లలో జరిగే పొరపాటు. కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంటైనా పడుకోకండి. గొంతులో ఇరుక్కున్న డాక్సీసైక్లిన్ అన్నవాహికను కాలుస్తుంది. మింగుతుంటే ఛాతీలో నొప్పి వస్తే అది ఆ పుండు కావచ్చు, అన్నవాహికలోకి దిగిన కాండిడా కావచ్చు. రెంటికీ చికిత్స వేరు, డాక్టరే తేల్చాలి.

రోజుకు మూడుసార్లు, అంతకు మించి నీళ్ల విరేచనాలైతే ఈస్ట్ అనుకోవద్దు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే ప్రమాదకరమైన బాక్టీరియా కావచ్చు, మలపరీక్ష చేయించాలి. విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోకండి. చేతులు సబ్బుతోనే కడుక్కోండి, శానిటైజర్‌కు దాని బీజాలు చావవు.

లైమ్ చికిత్స అయ్యాక కూడా కొందరికి నెలల తరబడి నీరసం, ఒళ్లునొప్పులు ఉంటాయి. ఆ బాధ నిజమైనది. కానీ అదంతా పేగుల్లో దాగిన కాండిడా వల్లేనని చెప్పి, గ్లాసు నీళ్లలో ఉమ్మి చూసే పరీక్షలు, మలంలో ఈస్ట్ కనబడిందని నెలల కొద్దీ మందులు అమ్మడం తప్పు. మలంలో ఈస్ట్ ఆరోగ్యవంతులకూ ఉంటుంది. యాంటీబయాటిక్ ఇంకా పొడిగిద్దామంటే, ఎందుకని అడగండి. 2016లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, మొదటి రెండు వారాల చికిత్స తర్వాత మరో 12 వారాలు మందు వాడినవారి జీవన నాణ్యత మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే మెరుగుపడలేదు. అయితే డాక్టరు రాసిన కోర్సు మధ్యలో తెల్లపూత వచ్చిందని మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి.

నరంలోకి మందు ఎక్కించడానికి చేతికి పిక్ లైన్ (రోజుల తరబడి ఉంచే సన్నటి గొట్టం) ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. సాకరోమైసిస్ బౌలార్డీ అనే ప్రోబయాటిక్ కూడా ఈస్టే, అది లైన్ ద్వారా రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి. ఇంట్లో ఎవరూ ఆ క్యాప్సూల్ విప్పకూడదు, మీరు అసలు వేసుకోకూడదు. లైన్ ఉండగా చలితో జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. లైన్ ఉందన్న సంగతి ముందే చెప్పండి.