రాగిరేకు మీద రోమన్ చక్రవర్తి ప్యాలెస్: ఈ బొమ్మలో ఇళ్లు ఏమయ్యాయి?

[తెర మీద: పాత ముద్రణ చిత్రం. ఒకే గోడకు రెండు బొమ్మలు. ఒకదాంట్లో శిథిలం, రెండోదాంట్లో చెక్కుచెదరని కమానుల వరస.]

వ్యాఖ్యానం: రెండూ ఒకే గోడ. ఒకటి చిత్రకారుడు కళ్లతో చూసింది, రెండోది మనసులో కట్టుకున్నది. తమాషా ఏంటంటే, ఇంట్లో తగిలించుకోవడానికి అందరూ రెండోదే కొంటారు.

ఈ గోడ క్రొయేషియాలోని స్ప్లిట్ నగరంలో ఉంది. క్రీ.శ. 305లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ తనంతట తానే గద్దె దిగి, సొంత ప్రాంతానికి వచ్చి ఇక్కడ కోటలాంటి ప్యాలెస్‌లో కాపురం పెట్టాడు. ఈ గోడ దానిదే. అప్పట్లో చక్రవర్తులు దిగేవాళ్లు కాదు, చాలామంది చంపితేనే పోయేవాళ్లు. మళ్లీ వచ్చి ఏలమని అడిగితే, "నా చేత్తో పెంచిన కూరలు చూశాక ఈ మాట అడగరు" అన్నాడట.

[తెర మీద: కోట ప్లాన్. సుమారు 215 మీటర్లు, 180 మీటర్లు.]

1757లో రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లండ్ ఆర్కిటెక్ట్ ఇక్కడికి వచ్చాడు. వయసు 29. వెంట ఫ్రెంచ్ చిత్రకారుడు క్లెరిసో, ఇంకో ఇద్దరు గీతగాళ్లు. ఊరు అప్పుడు వెనిస్ ఏలుబడిలో ఉండేది. కోట గోడలు కొలుస్తూ తిరుగుతుంటే అధికారులకు గూఢచారేమోనని అనుమానం వచ్చింది. రావడం న్యాయమే కదా! వెనిస్ కొలువులో ఉన్న ఒక స్కాటిష్ జనరల్ అడ్డుపడి గట్టెక్కించాడు. ఐదు వారాల్లో పని ముగించారు. ఆ బొమ్మల్ని రాగిరేకుల మీద చెక్కించి అచ్చు వేసిన 61 ఫలకాలతో పుస్తకం 1764లో లండన్‌లో వచ్చింది.

[తెర మీద: రాగిరేకు మీద ఉలిమొన నడుస్తున్న దగ్గరి దృశ్యం.]

శాసనాల రాగిరేకు చదవడానికి చెక్కింది. ఇది అచ్చు వేయడానికి. అందుకే బొమ్మను కుడిఎడమలు తిరగేసి చెక్కాలి. గీతల్లోకి సిరా దట్టించి, పైపైన తుడిచేసి, తడి కాగితం పరిచి గట్టిగా నొక్కుతారు. గీతలో దాక్కున్న సిరా కాగితానికి ఎక్కుతుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు పడిన పల్లం కూడా మిగులుతుంది. ఎవరైనా పాత ప్రతి అని అమ్మజూపితే ముందు ఆ పల్లం తడిమి చూడండి, తర్వాత భూతద్దం పెట్టండి. గీతలకు బదులు చుక్కలు కనిపిస్తే అది ఈ కాలపు ప్రింటు.

[తెర మీద: మళ్లీ మొదటి చిత్రం.]

ఇక అసలు సంగతి. ఏడో శతాబ్దంలో పక్కనున్న సలోనా పట్నం దాడుల్లో పాడైపోతే, జనం ఈ గోడల లోపలికి వచ్చి తలదాచుకున్నారు. వచ్చినవాళ్లు మళ్లీ పోలేదు. ఆడమ్ వచ్చేసరికి స్తంభాల మధ్య ఇళ్లు, గోడల్లో ఇళ్లు. క్రైస్తవులను వేటాడిన చక్రవర్తి సమాధి మందిరం కాస్తా, ఆయన కాలంలోనే ప్రాణాలు పోగొట్టుకున్న సెయింట్ డోమ్నియస్ పేరిట చర్చి అయిపోయింది! 'పూర్వపు రూపం' బొమ్మల్లో మాత్రం ఈ జనమంతా మాయం.

బొమ్మలు అసలుకు మెరుగులు దిద్దాయని అప్పటివాళ్లూ గమనించారు. ఇటలీ యాత్రికుడు ఫోర్టిస్, అసలు రాతిపని మోటుగానే ఉందని, ఆడమ్ చేతిలో అందం పెరిగిందని రాశాడు. చరిత్రకారుడు గిబ్బన్‌దీ అదే అనుమానం. నా మటుకు నాకు ఆడమ్ మీద కోపం లేదు. నేలమాళిగలు చాలావరకు చెత్తతో పూడిపోయి ఉన్నాయి, పైనున్న చక్రవర్తి గదులు కూలిపోయాయి. ఊహించక ఏం చేస్తాడు? ఇరవయ్యో శతాబ్దంలో ఆ మాళిగలు తవ్వాకే పైగదుల అమరిక తేటపడింది, ఎందుకంటే కింది గదులు పైవాటి నమూనాలోనే కట్టారు.

[తెర మీద: నేటి స్ప్లిట్, అదే గోడ.]

చక్రవర్తి కాలంలో గోడను తాకిన సముద్రం ఇప్పుడు గోడకు దూరంగా ఉంది. ఆ జాగాలో రీవా అనే నడకదారి, కాఫీ కొట్లు. పైన కమానుల మధ్య కిటికీలు, కిటికీల్లో ఆరేసిన బట్టలు.