కెమిస్ట్రీ సార్‌కి 12, మ్యాథ్స్ మేడంకి 5: హెచ్-ఇండెక్స్‌తో ఎవరిని ఎవరితో పోల్చాలి?

[తెర మీద: రెండు గూగుల్ స్కాలర్ పేజీలు పక్కపక్కన. ఒకదాంట్లో హెచ్-ఇండెక్స్ 12, రెండోదాంట్లో 5. పేర్లు కనిపించవు.]

నమస్తే. నల్లగొండలోనో పాలమూరులోనో ఒక యూనివర్సిటీ ఉందనుకోండి. సార్ కెమిస్ట్రీ, మేడం మ్యాథ్స్. ఇద్దరిదీ పదేళ్ల సర్వీసు. ప్రమోషన్ ఫైళ్లు టేబుల్ మీదికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు అంటారు: "సార్ హెచ్-ఇండెక్స్ పన్నెండు, మేడంది అయిదే కదా!" ఆ ఒక్క మాటతో మేడం పదేళ్ల పని సార్ పనిలో సగం కూడా కాదని తేలిపోతుంది. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో లెక్క వేసి మరీ చూద్దాం.

ముందు సైటేషన్ సంగతి. మీ పరిశోధన పేపర్‌ను ఇంకొకరు తమ పేపర్ చివర రిఫరెన్సుల్లో రాస్తే మీకు ఒక సైటేషన్. వీటిని పద్ధతిగా లెక్కపెట్టి అమ్మకానికి పెట్టినవాడు అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్. 1964లో ఆయన సంస్థ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చింది. నేటి వెబ్ ఆఫ్ సైన్స్ దాని వారసురాలే. 2004లో స్కోపస్, గూగుల్ స్కాలర్ రెండూ వచ్చాయి, ఇవీ సైటేషన్లు లెక్కపెట్టేవే. ఒకే మనిషికి ఈ మూడింట్లో మూడు అంకెలు కనిపిస్తాయి, ఎందుకంటే ఏ జర్నళ్లను లెక్కలోకి తీసుకోవాలో మూడింటివీ మూడు దారులు. కాబట్టి ఎవరైనా "నా హెచ్-ఇండెక్స్ ఇంత" అంటే, ఎందులో అని అడగండి.

[తెర మీద: తొమ్మిది పేపర్లు, వాటి పక్కన సైటేషన్లు: 41, 22, 13, 9, 6, 5, 3, 1, 0]

ఇక హెచ్-ఇండెక్స్. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలు. ఎక్కువ సైటేషన్లు ఉన్న పేపర్ పైన, తక్కువ ఉన్నది కింద. పైనుంచి దిగుతూ రండి. మొదటి పేపర్‌కు కనీసం 1 ఉందా? ఉంది. రెండోదానికి 2? ఉంది. అట్లా అయిదో పేపర్ దాకా వచ్చాం, దానికి 6 ఉన్నాయి, సరిపోయింది. ఆరో పేపర్‌కు ఆరు కావాలి, అయిదే ఉన్నాయి. అక్కడ ఆగిపోయాం. హెచ్-ఇండెక్స్ 5.

ఇప్పుడు పైనున్న 41 తీసేసి 4100 పెట్టండి. హెచ్-ఇండెక్స్ ఎంత? అప్పుడూ 5! ప్రపంచాన్ని కదిలించిన ఒక్క పేపర్ రాసినా ఈ అంకె కదలదు. ఇంకో విషయం, ఇది వయసుతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. రిటైరైన ప్రొఫెసర్‌నూ నిన్న పీహెచ్‌డీ అయినవాళ్లనూ దీనితో పోల్చడం ఎంత అన్యాయమో మీరే చూడండి.

దీన్ని 2005లో ప్రతిపాదించినవాడు జార్జ్ హిర్ష్, కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియాగోలో ఫిజిక్స్ ప్రొఫెసర్. ఆ తొలి పేపర్లోనే ఆయన రెండు అంకెలు ఇచ్చాడు. ఫిజిక్స్‌లో అందరికంటే పైన ఎడ్వర్డ్ విట్టెన్, 110. జీవశాస్త్రాల్లో అందరికంటే పైన సాలమన్ స్నైడర్, 191. విట్టెన్ స్నైడర్ కంటే చిన్న శాస్త్రవేత్త అని ఎవరూ అనరు. జీవశాస్త్రాల్లో అంకెలు పెద్దగా ఉంటాయని హిర్షే అక్కడ రాశాడు. కొలబద్ద తయారుచేసినవాడే చెప్పిన జాగ్రత్తను వదిలేసి, కొలబద్దను మాత్రం అందరం చేతపట్టుకున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే.

[తెర మీద: ఒక బయోకెమిస్ట్రీ పేపర్ చివరి రెండు పేజీలు, రిఫరెన్సులతో నిండి. పక్కన ఒక మ్యాథ్స్ పేపర్ చివరి పేజీ, సగం ఖాళీ.]

తేడా ఎక్కడినుంచి వస్తుందో ఈ బొమ్మలోనే ఉంది. బయోకెమిస్ట్రీలో ఒక పేపర్ చివర యాభై, అరవై రిఫరెన్సులు మామూలే. మ్యాథ్స్‌లో పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. పంచేది తక్కువైనప్పుడు అందేదీ తక్కువే కదా. రాసేవాళ్ల సంఖ్య కూడా వేరు. ల్యాబ్ ఉన్నచోట ఒక పేపర్‌కు ఆరుగురు పేర్లు పెడతారు, ఆ సైటేషన్లు ఆరుగురి ఖాతాల్లోనూ పూర్తిగా పడతాయి. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద వచ్చిన ఒక పేపర్‌కు రచయితలు 5,154 మంది! మ్యాథ్స్ మేడం ఒక్కరే కూర్చొని రెండేళ్లు ఒక సిద్ధాంతం నిరూపిస్తే ఒక పేపర్, ఒక పేరు.

ఆపైన కాలం. జీవశాస్త్ర పేపర్‌ను చదివేవాళ్లు రెండు మూడేళ్లలో చదివి వాడుకొని ముందుకు పోతారు. మ్యాథ్స్ పేపర్‌ను పదిహేనేళ్ల తర్వాత కూడా కొత్తగా వెతుక్కొని చదువుతారు. ఒక జర్నల్‌లో పేపర్‌కు సగటున ఎన్ని సైటేషన్లు వస్తున్నాయో చెప్పే అంకె ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అది చూసేది వెనకటి రెండేళ్ల పేపర్లకు వచ్చిన సైటేషన్లనే. నెమ్మదిగా పండే సబ్జెక్టుకు ఆ కిటికీ ముందే మూసుకుపోతుంది.

మన నల్లగొండ జిల్లాలో రైతుకు ఇది చెప్పక్కర్లేదు. మిర్యాలగూడ కాలువ కింద ఎకరానికి వచ్చే వడ్లనూ, దేవరకొండ చెల్కలో ఎకరానికి వచ్చే ఆముదాలనూ క్వింటాళ్లలో పోల్చి, దేవరకొండ రైతుకు సాగు రాదని ఎవరైనా అంటారా? వడ్లను వడ్లతో, ఆముదాలను ఆముదాలతో చూస్తారు.

సైటేషన్ల లెక్కలోనూ చేయాల్సింది అదే.

[తెర మీద: రెండు భాగహారాలు. 30 ÷ 20 = 1.5; 6 ÷ 3 = 2.0]

సార్ పేపర్‌కు 30 సైటేషన్లు వచ్చాయనుకుందాం. అదే సబ్జెక్టులో, అదే సంవత్సరంలో, అదే రకం పేపర్లకు ప్రపంచ సగటు 20. భాగిస్తే 1.5. మేడం పేపర్‌కు 6 వచ్చాయి, ఆమె సబ్జెక్టులో ఆ ఏడాది సగటు 3. భాగిస్తే 2. ఇవీ నేను వేసుకున్న అంకెలే, కానీ లెక్క చేసే పద్ధతి నిజంగా ఇదే. ఒకటి అంటే ప్రపంచ సగటు. ఇప్పుడు ముందున్నది మేడం! స్కోపస్ సమాచారంతో ఇట్లా లెక్కగట్టే అంకెకు ఫీల్డ్-వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్ అని పేరు. దీనిలోనూ ఒక లోపం ఉంది. ఒకే ఒక్క పేపర్ బాగా పేలితే సగటు మొత్తం పైకి లేచిపోతుంది. అందుకే పరిశోధనను అంకెలతో ఎట్లా కొలవాలో చెబుతూ 2015లో నేచర్ పత్రికలో వచ్చిన లైడెన్ మ్యానిఫెస్టో పర్సెంటైల్ వాడమంటుంది. "ఈ పేపర్ తన సబ్జెక్టులో, తన సంవత్సరంలో టాప్ 10 శాతంలో ఉంది" అంటే అందరికీ అర్థమవుతుంది, మోసానికి చోటూ తక్కువ.

మన దేశంలో ఏమవుతుంది? 2018 యూజీసీ నిబంధనల్లో సైన్సు పేపర్‌కు 8 పాయింట్లు, భాషలు, సోషల్ సైన్సెస్ పేపర్‌కు 10. అంటే తేడా ఉందని యూజీసీ ఒప్పుకున్నట్టే. కానీ దాని మీద ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి అదనపు పాయింట్లు ఉంటాయి. ఒకటి లోపుంటే 10, పది దాటితే 30. మ్యాథ్స్‌లో పేరున్న జర్నళ్లలో కూడా చాలావాటికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అయిదు దాటదు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టయింది.

ఇప్పుడు అసలు లెక్కకే అందని పని గురించి. ఫ్లోరైడ్ మన జిల్లాకు కొత్త కాదు. వంగిపోయిన కాళ్లు, గారపట్టిన పళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు, మడ్డి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లు తీసుకుంటారు. టాంజానియా, ఇథియోపియాల దాకా దాన్ని వాడి చూశారు. ఒక పద్ధతి ఇంతగా జనంలోకి పోయాక చాలామంది దాని పేరు మాత్రం రాస్తారు, మొదటి పేపర్‌ను రిఫరెన్సుల్లో పెట్టడం మానేస్తారు. పని ఎంత పెద్దదైతే సైటేషన్ అంత మాయమవడం అన్నమాట. సోషియాలజిస్టు రాబర్ట్ మెర్టన్ ఈ వింతను ఎప్పుడో గుర్తించి చెప్పాడు. గ్రామంలో మంచినీళ్లు తాగిన మనిషి ఎవరి పేపర్‌నూ సైట్ చేయడు.

తెలుగు శాఖ పరిస్థితి ఇంకా కష్టం. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుగులో అదే మొదటిది. తెలుగు, చరిత్ర శాఖల్లో ఆ పుస్తకాన్ని ఉటంకించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు లెక్కే లేదు. అవి ఎక్కువగా తెలుగులో ఉంటాయి, స్కోపస్ చూసేది ఎక్కువగా ఇంగ్లీషు జర్నళ్లను. ఈ అంకెలే ప్రమాణమైతే తెలుగు మీద తెలుగులో పనిచేసినవాళ్లందరూ సున్నాలే. దీన్ని నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి.

[తెర మీద: ఒకే మనిషి పేరు మూడు రకాలుగా: "రెడ్డి ఎస్", "శ్రీనివాస్ ఆర్", "కె.ఎస్. రెడ్డి"]

చివరగా మన పేర్ల తిప్పలు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. డేటాబేస్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో ఒకరి పేపర్లు మూడు పేర్ల కింద చెల్లాచెదురవుతాయి, లేదా పదిమంది శ్రీనివాస్ రెడ్డిల పేపర్లు ఒకరి ఖాతాలో పడతాయి. గూగుల్ స్కాలర్‌లో పేపర్లు వాటంతటవే చేరేలా పెట్టుకుంటే ఈ రెండోది తరచూ జరుగుతుంది. ఎవరో మెడిసిన్ డాక్టర్ పేపర్ మీ ఖాతాలో ఉందని ఇంటర్వ్యూ బోర్డు పట్టుకుంటే, మీరు తెలిసి చేయకపోయినా మాట పడాల్సి వస్తుంది.

కాబట్టి ఈ రోజే రెండు పనులు చేయండి. పరిశోధకులకు గుర్తింపు నంబర్లు ఇచ్చే ఆర్కిడ్ (ORCID) సైటులో ఉచితంగా 16 అంకెల నంబరు తీసుకోండి, ఇకమీద ప్రతి పేపర్‌తో పాటు అది ఇవ్వండి. తర్వాత గూగుల్ స్కాలర్ తెరిచి, మీవి కాని పేపర్లను ఒక్కొక్కటిగా టిక్ పెట్టి తొలగించండి. అంకె తగ్గుతుంది, టెన్షన్ పడకండి. ప్రమోషన్ అప్లికేషన్‌లో హెచ్-ఇండెక్స్ రాసేచోట అది ఎందులో చూసిందో, ఏ తేదీన చూసిందో రాయండి. మీ ముఖ్యమైన మూడు నాలుగు పేపర్ల పక్కన సబ్జెక్టు, సంవత్సరం, దొరికితే పర్సెంటైల్ పెట్టండి. తెలుగు, చరిత్ర శాఖలవాళ్లు తమ పుస్తకం ఏ యూనివర్సిటీ సిలబస్‌లో ఉందో, ఏ సిద్ధాంత గ్రంథాలు దాన్ని ఉటంకించాయో మన దేశపు పీహెచ్‌డీ గ్రంథాలు ఉండే శోధ్‌గంగ వెబ్‌సైటులో వెతికి, ఆ పేజీలు జిరాక్స్ తీసి జత చేయండి.