తొలి చిరునామా ఎవరు నిర్ణయించాలి?

అధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, వ్యాపారాన్ని పక్కనపెట్టి ఇక్కడికి వచ్చిన రెస్టారెంట్ యజమానులకు నమస్కారం. సమయం తక్కువని నిర్వాహకులు ఇప్పటికే రెండుసార్లు గుర్తు చేశారు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. విదేశంలో తొలి శాఖకు స్థలం ఎంచుకోవడం గురించి మాట్లాడమన్నారు. ఎక్కడ పెట్టాలన్న దానిపై సలహా చెప్పేవారికి కొదవ లేదు. ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ రోజు నేను మాట్లాడదలచింది దాని గురించే.

1971లో మెక్‌డొనాల్డ్స్ జపాన్‌లో అడుగుపెట్టింది. అమెరికాలో ఆ సంస్థ ఎదిగింది శివారు రోడ్ల పక్కన, కార్లలో వచ్చే కుటుంబాలను నమ్ముకొని. అందువల్ల జపాన్‌లో కూడా అలాంటి చోటే, టోక్యోకు దూరంగా సముద్రం ఒడ్డున ఉన్న చిగసాకిలో మొదలుపెట్టాలని అమెరికా వారు అనుకున్నారు. జపాన్ భాగస్వామి డెన్ ఫుజితా దీనికి ససేమిరా అన్నారు. విదేశీ హ్యాండ్‌బ్యాగులు దిగుమతి చేసి అమ్మిన మనిషి ఆయన. కొత్త విదేశీ వస్తువుకు టోక్యోలో ఖరీదైన దుకాణాలుండే గింజాలో మర్యాద దక్కితేనే మిగిలిన ఊళ్లు దానివైపు చూస్తాయని అనుభవం మీద ఎరిగినవాడు. పైగా అంతకు ముందు ఏడాదే గింజా ప్రధాన వీధిలో ఆదివారాలు వాహనాలను ఆపి, జనాన్ని నడవనివ్వడం మొదలైంది. చేత్తో పట్టుకొని తినే తిండికి అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? చివరికి ఆయన మాటే నెగ్గింది. మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్ కింది అంతస్తులో స్థలం దొరికింది కానీ, తమ అమ్మకాలకు అంతరాయం కలగకూడదని ఆ స్టోర్ షరతు పెట్టింది. సోమవారం దానికి సెలవు. ఆదివారం సాయంత్రం మూసినప్పటి నుంచి మంగళవారం ఉదయం తెరిచేవరకు ఉన్న 39 గంటల్లో దుకాణం మొత్తం బిగించాలి. పనివారు ముందుగా ఒక గోదాములో బిగించి, విప్పి, సాధన చేశారు. జూలై 20న అనుకున్నట్టే తెరిచారు, జనం విరగబడ్డారు.

ఈ కథ చాలా సభల్లో వినిపిస్తుంది. చెప్పేవారంతా ఆ 39 గంటల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అంతకుముందు జరిగిన వాదనే ముఖ్యం. వీధి తెలిసినవాడు ఒకవైపు, తమ విజయసూత్రం తెలిసినవారు మరొకవైపు నిలబడినప్పుడు, వీధి తెలిసినవాడికి సంతకం చేసే అధికారం దక్కింది. అదే ఏడాది ఆగస్టులో ఐరోపాలో తొలి మెక్‌డొనాల్డ్స్‌ను నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో కాకుండా పక్కనున్న జాండామ్‌లో, అమెరికా శివారు పద్ధతిలోనే తెరిచారు. అది నిలదొక్కుకోలేకపోయింది. అక్కడా స్థానిక భాగస్వామి ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది, అహోల్డ్ అనే పెద్ద కిరాణా సంస్థ. ఇంటికి సరుకులు కొనే మనిషి నడకకు, దారిలో ఆగి తినే మనిషి నడకకు చాలా తేడా ఉంటుంది. కనుక స్థానికుడైతే చాలదు, ఆ వీధిలో ఆ మనిషికే ఏదో ఒకటి అమ్మి చూసినవాడు కావాలి.

సొంత దేశస్థులు ఎక్కువగా ఉన్న పేట సంగతి కూడా చెప్పాలి. ఫిలిప్పీన్స్ ఫాస్ట్‌ఫుడ్ సంస్థ జాలీబీ 1998లో అమెరికాలో తొలి శాఖను కాలిఫోర్నియాలోని డేలీ సిటీలో తెరిచింది. అక్కడ ఫిలిప్పినోలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తెలివైన ఆరంభమే. కానీ అక్కడి లెక్కలు మనవారి అభిమానాన్ని కొలుస్తాయి గాని, పరాయివాడి నాలుకను కొలవవు. రెండో శాఖకు ఆ లెక్కలనే ఆధారం చేసుకోవద్దని మనవి.

ఇక లీజు. బీజింగ్‌లోని వాంగ్‌ఫుజింగ్ వీధిలో 1992లో తెరిచిన మెక్‌డొనాల్డ్స్ జనంతో కిటకిటలాడింది. 1994లో, ఓరియంటల్ ప్లాజా అనే భారీ వాణిజ్య సముదాయం నిర్మాణం కోసం, దీర్ఘకాలపు లీజు చేతిలో ఉండగానే ఖాళీ చేయమన్నారు. జనం ఎక్కువగా తిరిగే చోటనే పెద్ద నిర్మాణాల కన్ను కూడా పడుతుంది.

నేను పనిచేసిన ఒక సంస్థకు ఒక సలహాదారు మార్కుల పట్టిక పంపారు. జనసంచారానికి ఇన్ని, అద్దెకు ఇన్ని, చుట్టుపక్కల ఆఫీసులకు ఇన్ని అని వేసి, అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చిన స్థలానికి మా ప్రధాన కార్యాలయం మూడు దేశాల అవతలి నుంచి ఒప్పందం చేసుకుంది. ఆ పట్టికలో వంటపొగ బయటికి పోయే గొట్టానికి ఒక గడి లేదు. పై అంతస్తుల్లో కాపురాలున్నాయి. గొట్టం వేయడానికి అనుమతి రాలేదు. షట్టరు దించి నెలల తరబడి అద్దె కట్టాము. ఆ వీధిలో టీ అమ్మేవాడిని అడిగినా ఆ మాట చెప్పి ఉండేవాడు! అయ్యా, ముందు వరుసలో కూర్చున్నవారిని అడుగుతున్నాను: మీలో ఎందరి పట్టికల్లో ఆ గడి ఉంది? గ్యాస్ కనెక్షన్ సామర్థ్యం, జిడ్డు నీరు పోయే దారి, ఆ భవనంలో వంట చేయడానికి మునిసిపాలిటీ అనుమతి, వీటిలో ఏ ఒక్కటైనా ఉందా?

కాబట్టి నేను కోరేది రెండు నిబంధనలు. స్థలాన్ని ప్రతిపాదించే హక్కు స్థానిక భాగస్వామిదే కావాలి. ప్రధాన కార్యాలయం కాదనాలంటే నిర్ణీత గడువులో, కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. రెండోది, పొగగొట్టానికి అనుమతి వచ్చాకే అద్దె లెక్క మొదలయ్యేలా లీజులో రాయించుకోవాలి. ఇంటి యజమాని ఒప్పుకోడని వెనుక నుంచి ఎవరో అంటున్నారు. ఒప్పుకోని యజమానికి ఆ అనుమతి రాదని ముందే తెలుసేమో, అది కనుక్కున్నాకే తరువాతి మాట మాట్లాడండి.