మొదటి లాంగ్ ట్రెక్‌కి ఏం కొనాలి? బ్యాగ్ మాత్రం చివర్లో కొనండి!

నమస్తే అండి. మన విజయవాడ నుంచి ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠకో, హర్ కీ దూన్‌కో మొదటిసారి బయల్దేరేవాళ్ళు చాలామంది ముందుగా కొనేది బ్యాగ్. ఆన్‌లైన్‌లో ఆఫర్ కనిపిస్తుంది, డెబ్బై లీటర్లది ఆర్డర్ పెట్టేస్తారు. చోటుంది కదా అని ఇంట్లో ఉన్నవన్నీ అందులోకి ఎక్కిస్తారు. ఆ బరువు మోయాల్సింది మీ మోకాళ్ళే. అందుకే వరస మార్చమంటాను. ముందు షూ, తర్వాత బట్టలు, అవన్నీ చేతికొచ్చాకే బ్యాగ్.

షూ కొనడానికి సాయంత్రం పూట వెళ్ళండి. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, కొండ మీదా అంతే. ట్రెక్‌లో వేసుకునే మందపాటి సాక్సులు వెంట తీసుకెళ్ళండి. ఇదిగో, నా కాలు దగ్గరగా చూడండి. లేసులు వదులు చేసి పాదాన్ని పూర్తిగా ముందుకి జరిపితే, మడమ వెనక నా చూపుడు వేలు దూరుతోంది. ఆ మాత్రం ఖాళీ ఉండాలి. లేసులు బిగించి నడిచినప్పుడు మాత్రం మడమ పైకి లేవకూడదు. లేచిందంటే బొబ్బ అక్కడే వస్తుంది. ఇప్పుడు ఈ వాలు చెక్క మీద నుంచి దిగుతున్నాను, బొటనవేలు ముందుకి తగలట్లేదు. తగిలితే ఆ సైజు మీది కాదు. కొండ దిగేటప్పుడు గోళ్ళు నల్లబడేది అందుకే. షాపులో "వాడుతుంటే సాగుతాయండి" అంటారు. వెడల్పు కొద్దిగా సర్దుకుంటుంది, పొడవు పెరగదు. కొన్నాక ట్యాగ్ తీయకుండా రెండు మూడు రోజులు ఇంట్లోనే వేసుకుని తిరగండి, నొప్పెడితే మార్చుకోవచ్చు.

ఇక బట్టలు. పక్కనే మంగళగిరి ఉన్నవాళ్ళం, ఏడాదంతా కాటనే కడతాం. బెజవాడ ఎండకి దాన్ని మించింది లేదు. కానీ చలిలో అదే కాటన్ చెమట పీల్చుకుని ఎంతకీ ఆరదు. నడక ఆపి కూర్చోగానే ఒంట్లో వేడంతా లాగేస్తుంది. అందుకని ఒంటికి తగిలే టీషర్ట్ పాలిస్టర్‌ది వేసుకోండి. క్రికెట్‌కి వాడే డ్రైఫిట్ ఉంటే చాలు, కొత్తది అక్కర్లేదు. దాని మీద ఫ్లీస్ (తేలిగ్గా, వెచ్చగా ఉండే మెత్తటి స్వెట్టర్ లాంటిది), ఆపైన గాలినీ వాననూ ఆపే జాకెట్. జీన్స్ ఇంట్లోనే వదిలేయండి.

డౌన్ జాకెట్, అంటే లోపల పక్షి ఈకలు నింపిన మందపాటి చలికోటు, కొనకండి. కేదార్‌కంఠ శిఖరం సుమారు 12,500 అడుగుల ఎత్తు, డిసెంబరులో మంచు ఉంటుంది, కాబట్టి జాకెట్ అవసరమే. కానీ ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీలోనే అద్దెకి దొరుకుతుంది. మన చలికి అది బీరువా దాటి బయటికి రాదు. టెంటు, స్లీపింగ్ బ్యాగ్ సాధారణంగా ట్రెక్ నడిపేవాళ్ళే ఇస్తారు, ముందే అడగండి. స్లీపింగ్ బ్యాగ్ కొనే తీరాలంటే లేబుల్ మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి. కంఫర్ట్ అన్న అంకే చూడండి. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్రపట్టే చలి కాదు, ప్రాణం నిలిచే హద్దు. అమ్మేవాళ్ళు దాన్నే పెద్దక్షరాల్లో వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు బ్యాగ్. సామాను మొత్తం మంచం మీద పరిచి చూడండి. టెంటు ట్రెక్ నడిపేవాళ్ళదైతే యాభై లీటర్లు సరిపోతుంది. లీటర్ల కన్నా ముఖ్యం వీపు కొలత. తల వంచితే మెడ వెనక ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కణ్ణుంచి తుంటి ఎముక పైఅంచు దాకా ఇంట్లో ఎవరిచేతనైనా టేపు పెట్టించండి. మీ ఎత్తు, మీ ఫ్రెండ్ ఎత్తు ఒకటే అయినా ఈ కొలత తేడా రావచ్చు. తగిలించుకున్నాక ముందు నడుము బెల్టు బిగించాలి, తర్వాతే భుజాల పట్టీలు. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. అప్పుడే బరువులో ఎక్కువ భాగం భుజాల నుంచి కిందికి దిగుతుంది. మొత్తం బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటనివ్వకండి. 65 కిలోలున్నవాళ్ళకి 13 కిలోలు. పదిలోపు ఉంటే ఇంకా హాయి.

ట్రెక్‌కి కనీసం నెల ముందు ఇదంతా పూర్తవ్వాలి. తర్వాత నీళ్ళ సీసాలు, బియ్యం ప్యాకెట్లతో బ్యాగ్ నింపి, ఇవే షూ, ఇవే సాక్సులతో ఒక ఆదివారం పొద్దున్నే కొండపల్లి ఖిల్లాకి ఎక్కి దిగండి. ఎక్కడ ఒరుసుకుందో, పట్టీ ఎక్కడ కోసుకుందో కామెంట్‌లో రాయండి. సర్దుబాటు ఎలా చేసుకోవాలో ఒక్కొక్కరికీ జవాబిస్తాను.