లూసర్న్‌లో రాత్రి ఉండలేదా? అయితే మీరు లూసర్న్ చూడలేదు!

నమస్తే ఫ్రెండ్స్, నేరుగా విషయంలోకి వచ్చేస్తున్నా. స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో ఒక్క రాత్రైనా ఉండకుండా వచ్చినవాళ్లు ఆ ఊరు చూసినట్టే కాదు. నా స్విట్జర్లాండ్ ఖర్చుల వీడియోలో ఊరి నడిబొడ్డున హోటల్ తీసుకోండి అన్నానని, "డబ్బు దండగ, జ్యూరిక్ శివార్లలో దిగి పగలు వెళ్లొస్తే చాలు" అని చాలామంది విరుచుకుపడ్డారు. చాలదండి. అస్సలు చాలదు!

మొదటిసారి నేనూ అలాగే వెళ్లా. టూర్ బస్సు దింపింది, రెండు గంటలు టైమిచ్చారు. చెక్క వంతెన దగ్గర ఫొటో, రాతి సింహం దగ్గర ఫొటో, మిగతా టైమంతా వాచీల షాపులోనే. ఆ సింహం ఎవరి కోసమో కూడా చెప్పలేదు. 1792లో పారిస్‌లో ఫ్రెంచి రాజు ప్యాలెస్‌కి కాపలా కాస్తూ చనిపోయిన స్విస్ సైనికుల కోసం కొండరాతిలో తొలిచారు దాన్ని. అలాంటి చోట నిలబడితే మా గైడ్ "పది నిమిషాలే, పది నిమిషాలే" అని ఒకటే కేకలు. నా అనుమానం చెప్తా, ఒప్పుకోకపోయినా పర్లేదు. ఆ రెండు గంటలు మనం ఊరు చూడ్డానికి ఇచ్చినవి కావు, వాచీలు కొనడానికి ఇచ్చినవి.

రెండోసారి అమ్మానాన్నలతో వెళ్లి పాత ఊళ్లోనే, రోయిస్ నది పక్కన దిగాం. గది చిన్నదే. ఏసీ లేదు, కెటిల్ లేదు, డబుల్ బెడ్ అంటే రెండు పరుపులు కలిపేసి ఎవరి దుప్పటి వాళ్లకి ఇచ్చారు. అమ్మకి మొదట నచ్చలేదు కూడా. అయితే సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక చూడాలి ఆ ఊరిని! పగలు భుజాలు రాసుకుంటూ నడిచిన కాపెల్‌బ్రూకె, అదే ఆ చెక్క వంతెన, మీద పట్టుమని పది మంది లేరు. 200 మీటర్ల పైనున్న ఆ వంతెన 1993 ఆగస్టులో ఒక్క రాత్రిలో చాలా వరకు కాలిపోయింది, మరుసటి ఏడాదికల్లా మళ్లీ కట్టి తెరిచేశారు. పైకప్పు కింద పాత బొమ్మలు చాలా వరకు మంటల్లో పోయాయి. మసిబారిన చెక్క ఎక్కడుందో, కొత్త చెక్క ఎక్కడ మొదలైందో తీరిగ్గా తలెత్తి వెతుక్కుంటూ నడిచాం. రెండు గంటల టూర్‌లో కుదిరే పనేనా ఇది?

ఇంకొకటి చెప్పాలి. కోటగోడ మీద త్సిట్ అనే బురుజు ఉంది, 1535 నాటి గడియారం దానికి. ఊళ్లో మిగతా గడియారాల కన్నా ఒక నిమిషం ముందే గంట కొట్టే హక్కు దానిదే. కిటికీ తెరిచి కూర్చుంటే ముందు అది కొడుతుంది, ఆ తర్వాత ఊరంతా అందుకుంటుంది. ఒళ్లు జలదరించింది నాకు.

సరే, డబ్బు సంగతికి వద్దాం. జ్యూరిక్ నుంచి ఇక్కడికి రైల్లో ముప్పావు గంట, పాస్ లేకపోతే ఒక వైపు టికెట్టే పాతిక ఫ్రాంకుల దాకా అవుతుంది. రానూపోనూ, నలుగురికి, రెండు రోజులకి లెక్కేసి చెప్పండి, మిగిలిందెంత? లూసర్న్‌లో రాత్రి ఉంటే హోటల్ వాళ్లిచ్చే విజిటర్ కార్డుతో ఊళ్లో బస్సులు ఉచితం. స్టేషన్ బయటికొస్తే ఎదురుగానే సరస్సు, పడవలు. పడవెక్కి విట్స్‌నావ్‌లో దిగితే 1871లో మొదలైన రీగీ కొండ రైలు, యూరప్‌లో అలాంటి రైళ్లలో మొట్టమొదటిది. టిట్లిస్ మంచుకొండకి వెళ్లాలంటే ఎక్కే ఎంగెల్‌బెర్గ్ రైలు కూడా లూసర్న్ స్టేషన్ నుంచే. సూట్‌కేసులు ఈడ్చుకుంటూ తిరిగే టెన్షనే లేదు.

నాన్నైతే తెల్లారగానే మాయం. వెళ్లి చూస్తే నది మీద పాత ఆనకట్ట దగ్గర నిలబడి ఉన్నారు. సరస్సు మట్టం సరిచేయడానికి అక్కడ చెక్కపలకల్ని ఇప్పటికీ మనుషులే చేత్తో పెట్టి తీస్తారు. గోదావరి కాలువల లాకుల దగ్గర పెరిగిన మనిషి కదా, గంటసేపు కదల్లేదు. ఆ రోజు శనివారం, ఒడ్డునే సంత పెట్టారు. అమ్మ చెర్రీలు కొనుక్కొచ్చింది, ముగ్గురం అక్కడే గట్టు మీద కూర్చుని తిన్నాం. మొదటి టూర్ బస్సు అప్పటికింకా రాలేదు.