మానని పుండు, పులిపిరి, తామర: వీటిలో చర్మ క్యాన్సర్‌ను ఎలా అనుమానించాలి?

నమస్కారం అండీ. ఫోన్‌లో స్క్వేమస్ సెల్ క్యాన్సర్ (చర్మం పైపొర కణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్) అని వెతికితే ఎక్కువగా తెల్లవాళ్ల ముక్కులు, చెవుల ఫొటోలే వస్తాయి. అవి చూసి ‘మనది ఇలా లేదులే’ అని వదిలేయకండి. వాళ్లకు ప్రధాన కారణం ఎండ. మన ఒంటి రంగు ఎండ నుంచి కొంత కాపాడుతుంది. మనలో ఇది తరచుగా పుట్టేది పాత కాలిన మచ్చల్లో, ఏళ్లుగా మానని పుండ్లలో.

ఇదిగో, ఈ ఫొటో చూడండి. మోకాలి కింద కాలిన మచ్చ. చిత్తూరు చుట్టుపక్కల బెల్లం వండేచోట పాకం పడితే ఇలాంటివే మిగులుతాయి. 20, 30 ఏళ్లు ఏమీ కాకుండా ఉన్న మచ్చ కూడా ఒకరోజు పగలొచ్చు. అంచు దగ్గరగా చూపిస్తాను. గట్టిగా, ఎత్తుగా, బయటికి తిరిగి ఉంది కదా? మధ్యలో కాలీఫ్లవర్‌లా కండ పెరిగింది. ముట్టుకుంటే రక్తం, పైగా వాసన. దీన్ని మార్జొలిన్ అల్సర్ అంటారు. మామూలు రకం కన్నా దీనికి పాకే గుణం ఎక్కువ. అందుకే గజ్జల్లో బిళ్ల కట్టిందేమో కూడా తడిమి చూస్తాం.

షుగర్ పుండు ఎక్కువగా అరికాలిలో, బరువు పడే చోట వస్తుంది. చుట్టూ ఆనెకాయ కట్టి ఉంటుంది, నొప్పి పెద్దగా తెలియదు. అలాగని షుగర్ ఉన్నవాళ్ల ప్రతి పుండునూ షుగర్ ఖాతాలో వేసేయకూడదు. నాలుగు వారాలైనా మానే దారిలో లేకపోతే చూపించాల్సిందే.

పులిపిరిలో సాధారణంగా చిన్న నల్ల చుక్కలు కనిపిస్తాయి. పెద్ద వయసులో కొత్తగా ఒక్కటే వచ్చి, అడుగు గట్టిపడుతూ పెరుగుతుంటే అనుమానించాలి. దయచేసి సున్నం పెట్టి కాల్చుకోకండి.

తామర గుండ్రంగా పాకుతుంది, దురద ఎక్కువ. సోరియాసిస్ సాధారణంగా రెండు మోచేతులకూ, రెండు మోకాళ్లకూ వస్తుంది. కానీ ఒకే చోట, ఒకే మచ్చ, పొట్టు రాలుతూ, ఏ ఆయింట్‌మెంట్‌కూ లొంగకుండా ఉంటే? అది బోవెన్ వ్యాధి కావచ్చు. అంటే క్యాన్సర్ ఇంకా పైపొర దాటని దశ. మెడికల్ షాపులో ట్యూబు మీద ట్యూబు కొని నెలలు పోగొట్టుకునేది ఇక్కడే.

చర్మానికి వచ్చే టీబీ కూడా పులిపిరిలా గరుకుగా ఉండొచ్చు. దాన్ని కంటితో చూసి ఖాయం చేయడం మా డాక్టర్ల వల్ల కూడా కాదు. బయాప్సీ చేయాలి. మత్తు సూది వేసి, పుండు అంచు నుంచి చిన్న ముక్క తీస్తారు. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందని టెన్షన్ పడొద్దు, అది అపోహ.

తిరుపతిలో రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోవచ్చు. బయాప్సీ అయ్యాక వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లాలనుకునేవాళ్లు రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లు (ముక్కను పరీక్షించిన గాజు పలకలు), బ్లాకు (ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ) కూడా అడిగి తీసుకెళ్లండి. లేకపోతే అక్కడ మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు.