పిల్లల పుస్తకానికీ ఒక నంబరు

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల వేళ శ్రీకాకుళంలో ఇంతమంది ఉపాధ్యాయుల ఎదుట మాట్లాడే అవకాశం కల్పించిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. బడి గ్రంథాలయం పిల్లల సృజనకు తావు కావాలంటే గోడలకు రంగులు వేయడం, కొత్త బల్లలు కొనడం ఒక మార్గమే. అయితే నేను కోరేది అంతకంటే చౌకైనది: విద్యార్థి తయారుచేసిన పుస్తకాన్ని కూడా యాక్సెషన్ రిజిస్టరులో, అంటే గ్రంథాలయానికి చేరిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో నమోదు చేసే పుస్తకంలో, ఎక్కించి, నంబరు వేసి, తక్కిన పుస్తకాల సరసన పెట్టి, అడిగిన వారికి చదువుకోవడానికి ఇవ్వాలి.

ఈ మాట ఈ ఊళ్లో చెప్పడానికి కారణం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. 1997లో ఆయన ఇక్కడ ప్రారంభించిన కథల గ్రంథాలయం కథానిలయం, పేరుమోసిన రచయితల సంపుటాలతో సరిపెట్టుకోకుండా, పాత పత్రికల్లో చెల్లాచెదురుగా మిగిలిన కథలను కూడా వెతికి భద్రపరిచే పని పెట్టుకుంది. కథ గొప్పదా కాదా అన్నది చదివేవారు తేలుస్తారు, ముందు అది వారికి దొరకాలి కదా. మన తరగతి గదిలోనో, మార్కులు పడిన మరునాటికే పిల్లల రాత చిత్తుకాగితాల్లో కలిసిపోతుంది.

పుస్తకాలు బీరువా దాటకపోవడానికి ఉపాధ్యాయుల నిరాసక్తత కంటే స్టాకు తనిఖీ భయమే పెద్ద కారణమని నా అభిప్రాయం. పోయిన పుస్తకానికి జేబులోంచి కట్టాల్సి వస్తుందన్న భయం ఉన్నచోట తాళమే క్షేమంగా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ గ్రంథాలయాలకు వర్తించే 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్సు (ప్రభుత్వ ఆర్థిక నియమాలు) మాత్రం, మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేనప్పుడు, ఏడాదిలో చదువరులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేనని ఒప్పుకుంటున్నాయి. అవి మన బడులకు నేరుగా వర్తించకపోయినా, పుస్తకాలు చదివించమని చెప్పే అధికారులు ఇలాంటి వెసులుబాటును రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాట తనిఖీ రోజున ఆదుకోదు.

ఇక పిల్లలు ఏం రాయాలి? ఊహాకథలే సృజన అనుకోనక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఆ రాత్రి ఇంటి పైకప్పు ఏమైంది, పశువులను ఎవరు విప్పారు, తోట మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పట్టింది అని ఒక్కొక్కరూ తమ ఇంటి పెద్దలను అడిగి, విన్నది విన్నట్టు రాసి, బొమ్మలు వేసి కలిపి కుట్టితే, ఏ ప్రచురణకర్త జాబితాలోనూ లేని పుస్తకం ఆ బడికి దక్కుతుంది. పెద్దల మాటతీరును పాఠ్యపుస్తకపు భాషలోకి దిద్దవద్దు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆ పుస్తకాలకు ముడిసరుకు జనం నోటిలోనే ఉంది. సీతంపేట కొండల్లోని బడి నుంచి కళింగపట్నం తీరంలోని బడి దాకా నేటికీ ఆ ముడిసరుకుకు కొరత లేదు.

పని తీరు గురించి రెండు మాటలు. తెల్లకాగితాలు మడిచి, పాత క్యాలెండరు అట్ట వేసి, గోనె సూదితో కుడితే పుస్తకమవుతుంది. దానిమీద ఎర్రసిరా పడకూడదు; దిద్దుబాట్లన్నీ చిత్తుప్రతి దశలోనే, పిల్లలతో కూర్చుని జరగాలి. చివర రెండు పేజీలు ఖాళీగా వదిలితే చదివినవారు తమ అభిప్రాయం రాస్తారు. గదిలో ఒక మూల మాట్లాడుకోవడానికి కేటాయించాలి, ఎందుకంటే నలుగురు కలిసి చేసే పుస్తకం మౌనంగా తయారు కాదు. అధికారుల రాక కోసం ఈ పుస్తకాలను అద్దాల అరలో పెట్టి తాళం వేసే ముచ్చట మాత్రం వద్దు!

యాజమాన్యం సంగతి మొదటే తేల్చుకోవాలి. విద్యార్థి బడి విడిచి వెళ్లేటప్పుడు అసలు ప్రతి అతనికో ఆమెకో ఇచ్చి, నకలు గ్రంథాలయంలో ఉంచడం న్యాయం. ఇంట్లోని అప్పులు, జబ్బులు, తగాదాలు రాతలోకి వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని అరలో పెట్టే ముందు రాసిన పిల్లల ఇష్టం, తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. వారు వద్దంటే దానికి నంబరు వేయకుండా తిరిగి ఇచ్చేయాలి.